తేలిక రాకెట్: చేతి తూకం, కోర్టు తూకం

ప్రశ్న: నా వయసు 52. రాయగడలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. పన్నెండేళ్లుగా వారానికి నాలుగు రోజులు పొద్దుటి పూట మా కాలనీ మొరం కోర్టు మీద టెన్నిస్ డబుల్స్ ఆడుతున్నాను. నా పాత రాకెట్ ఫ్రేమ్ 310 గ్రాములు. కుడి భుజం నొప్పి పెడుతోందని విశాఖపట్నం వెళ్లినప్పుడు 270 గ్రాముల రాకెట్ ఒకటి కొన్నాను. దుకాణంలో ఊపి చూస్తే ఈకలా ఉంది. మొదటి వారం ఆట హుషారుగా సాగింది. ఆ తరువాత ఎదుటివారు గట్టిగా సర్వ్ చేసినప్పుడల్లా రాకెట్ చేతిలో తిరిగిపోతోంది, బంతి నెట్ దాటీ దాటకుండా పడుతోంది. భుజం నొప్పి తగ్గిన మాట నిజమే కానీ ఇప్పుడు మోచేయి పట్టేస్తోంది. తోటివాళ్లు తలా ఒక మాట చెబుతున్నారు. ఈ రాకెట్ నాకు సరిపడిందో లేదో కోర్టు మీద ఎలా తేల్చుకోవాలి? గట్లతో, అంటే రాకెట్‌కు అల్లిన తీగలతో సహా కాటా మీద పెడితే కొత్తది 287, పాతది 327 గ్రాములు తూగాయి. — ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటె పనికివచ్చిన మాట, దుకాణంలో ఊపి చూస్తే ఈకలా ఉంది అన్నది. దుకాణంలో బంతి ఉండదు. అక్కడ రాకెట్ బరువును మోసేది మీ చెయ్యి ఒక్కటే కాబట్టి అది ఎంత తేలికగా ఉంటే అంత హాయిగా తోస్తుంది. కోర్టులో ఆ బరువుతో పని పడేది చేతికంటె ముందు బంతికి. నేను బరంపురంలో ఇరవై ఆరేళ్లుగా రాకెట్లకు గట్లు వేసే గట్టింగ్ పని చేస్తూ, పిల్లలకు ఆట నేర్పుతూ వస్తున్నాను. ఇక్కడి దుకాణాల్లో "హాలుకా, ఆజ్ఞా, హాలుకా" (తేలికండీ, తేలిక) అని ఒడియాలో అంటూ చేతికిచ్చిన రాకెట్‌ను మురిసిపోతూ కొని, మూడో నెలలో ఇదేమిటి ఇలా ఉంది అంటూ నా దగ్గరికి తెచ్చినవారు చాలామందే ఉన్నారు. వారిలో సగం మంది రాకెట్లలో ఏ దోషమూ లేదు.

నిబంధనల ప్రకారం టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాముల మధ్య తూగాలి. అది గట్లను తాకి మళ్లీ విడిచిపెట్టడానికి పట్టే సమయం సుమారు 5 మిల్లీసెకన్లు, అంటే సెకనులో రెండు వందల వంతు. మీరు పిడికిలి ఎంత బిగించినా ఆ బిగువు ఫ్రేమ్ తలదాకా అందే లోపలే బంతి తన దారిన తాను పోతుంది. కాబట్టి ఆ క్షణంలో బంతికి ఎదురు నిలిచేది రాకెట్ సొంత బరువే, అందులోనూ బంతి తగిలిన చోటికి దగ్గరగా ఉన్న బరువే. ఫోర్‌హ్యాండ్ బారుగా ఊపినప్పుడు తేలిక రాకెట్ త్వరగా తిరుగుతుంది గనుక తగ్గిన బరువును ఆ వేగం చాలావరకు పూడుస్తుంది; సర్వ్‌లోనూ అంతే. ఎదుటివారి సర్వ్‌ను తిప్పికొట్టే రిటర్న్‌లోనూ, బంతి నేలను తాకకముందే నెట్ దగ్గర కొట్టే వాలీలోనూ ఊపడానికి వ్యవధి ఉండదు, రాకెట్‌ను అడ్డం పెట్టడమే ఆట. అక్కడ వేగం ఇచ్చే సాయం అందదు, బరువు లోటు మాత్రం మిగులుతుంది. మీకు ఫిర్యాదు వచ్చింది సరిగ్గా ఆ దెబ్బ దగ్గరే. అంటే మీ అనుభవం, లెక్క ఒకే మాట చెబుతున్నాయి. మీ తోటివాళ్ల తలా ఒక మాటను కాసేపు పక్కన పెట్టవచ్చు.

అయితే కాటా మీద కనిపించిన 40 గ్రాముల తేడా మొత్తం కథ కాదు. గొడ్డలిని కర్ర కొస పట్టుకుని ఊపినప్పుడు ఒకలా ఉంటుంది, తిరగేసి ఇనుము దగ్గర పట్టుకుని ఊపితే మరొకలా ఉంటుంది, తూకం మాత్రం రెండుసార్లూ ఒకటే. రాకెట్‌లో ఈ తేడాను చెప్పే కొలతను స్వింగ్ వెయిట్ అంటారు. పిడి చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉందనుకుని తిప్పితే రాకెట్ ఎంత మొండికేస్తుందో అది చెబుతుంది. పెద్దల రాకెట్లలో మామూలుగా 280 నుంచి 330 దాకా ఉంటుంది. దీనికి యంత్రాలు ఉన్నాయి గానీ, రెండు కుర్చీలు, ఒక పెన్సిల్ ఉంటే ఇంట్లోనే పని జరుగుతుంది.

మీ రెండింటి తూకానికి సరిపోయే ఫ్రేములు నా దగ్గర ఉంటే, మీ ఉత్తరం చదివాక కూర్చుని చూశాను. పిడి చివర నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండుతో బిగించి, దాని రెండు కొసలూ రెండు కుర్చీల వీపుల మీద ఆనేలా రాకెట్‌ను తలకిందులుగా వేలాడదీశాను. విసనకర్రలాగా ముఖం ముందుకూ వెనక్కూ ఆడేలా నాలుగు వేళ్ల మేర లాగి వదిలి, 30 ఊపులకు (ముందుకు పోయి తిరిగి వస్తే ఒక ఊపు) పట్టిన కాలాన్ని ఫోన్‌లో చూశాను. తేలికదానికి 39.3 సెకన్లు, బరువుదానికి 39.9 సెకన్లు పట్టింది. పది ఊపులతో సరిపెట్టుకుంటే బొత్తాం నొక్కడంలో మన వేలు చేసే ఆలస్యమే ఈ తేడాను మింగేస్తుంది, అందుకే 30. తరువాత రెండింటినీ అడుగు స్కేలు అంచు మీద అటూ ఇటూ మొగ్గకుండా నిలబెట్టి చూస్తే సమతూకం తేలికదానికి పిడి చివర నుంచి 34.5 సెంటీమీటర్ల దగ్గర, బరువుదానికి 32.7 దగ్గర కుదిరింది. ఇక లెక్క చిన్నదే. తూకం కిలోల్లో, ఇరుసు నుంచి సమతూకం దాకా ఉన్న దూరం సెంటీమీటర్లలో, ఒక్క ఊపుకు పట్టిన సెకన్ల వర్గం, ఈ మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 24.8 పెట్టి గుణించాలి. తేలికదానికి 0.287, 24.5, 1.31 వర్గం వేసుకుంటే స్వింగ్ వెయిట్ సుమారు 299 వచ్చింది, బరువుదానికి 0.327, 22.7, 1.33 వర్గం వేసుకుంటే సుమారు 326 వచ్చింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. తూకంలో తేడా 12 శాతం ఉన్నా, ఊపులో తేడా 8 శాతమే. 68.6 సెంటీమీటర్ల రాకెట్‌కు నడిమి చోటు 34.3, తేలిక ఫ్రేమ్ సమతూకం దానికి కాస్త పైకి, తల వైపుకి జరిగి ఉంది. బరువు తగ్గించిన లోటును కొంతైనా తీర్చడానికి తయారీదారులు మిగిలిన బరువును తల వైపు పెడతారు. మీ రాకెట్ కూడా ఇదే తీరుగా ఉందో లేదో పెన్సిల్ పెట్టి చూసుకోండి. ఉన్నట్లయితే మీ భుజానికి 40 గ్రాముల సుఖం దక్కింది గానీ, పిడి వైపు బరువు లేకపోవడం వల్ల దెబ్బ తగిలినప్పటి అదురు మణికట్టు మీదుగా నేరుగా పైకి వస్తోందన్నమాట.

ఇప్పుడు కోర్టు మీదికి వద్దాం. రెండు రాకెట్లకూ ఒకే రకం గట్లు, ఒకే టెన్షన్ (గట్ల బిగువు), ఒకే రోజున వేయించాలి. పిడి మీద చుట్టే పట్టీ, ఓవర్ గ్రిప్ కూడా ఒకే రకం చుట్టాలి. ఇది చేయకపోతే మీరు పోల్చేది రాకెట్లను కాదు, గట్లను. మామూలు సింథటిక్ గట్ చాలు, ఖరీదైనది అక్కరలేదు. బంతులు ఒకే డబ్బాలోవి కావాలి. ఒక రాకెట్‌తో అరగంట ఆడి, తరువాత రెండోదాన్ని తీయవద్దు, ఎందుకంటే అప్పటికి మీ ఒళ్లు వేడెక్కి ఉంటుంది లేదా అలిసి ఉంటుంది. పది బంతులకు ఒకసారి మార్చుకోండి.

నెట్ నుంచి సర్వీస్ లైను 6.40 మీటర్లు, బేస్ లైను 11.885 మీటర్లు. ఈ రెండింటి మధ్య ఉన్న దాదాపు ఐదున్నర మీటర్లను సగం చేసి, ఎదుటి వైపు కోర్టులో ముగ్గుపిండితో ఒక అడ్డగీత గీయండి. మీ క్లబ్బులో సభ్యులతో ఆడించే మార్కరునో, గట్టిగా సర్వ్ చేసే మిత్రుడినో 20 సర్వ్‌లు చేయమని, వాటిని ఊపకుండా అడ్డం పెట్టి మాత్రమే తిప్పికొట్టండి. గీత దాటి పడినవి ఎన్నో ఒకరు లెక్కపెట్టాలి. ఆ తరువాత మామూలు ఫోర్‌హ్యాండ్ 20, నెట్ దగ్గర వాలీ 20. మర్నాడు మళ్లీ ఇదే. ఒకటి రెండు బంతుల తేడాను లెక్కలోకి తీసుకోవద్దు, అది అదృష్టం. రిటర్న్‌లో నాలుగైదు బంతుల తేడా వచ్చి, అది రెండో రోజూ నిలిస్తే అది రాకెట్ పనే. దెబ్బ కమ్మగా తగిలిందా లేదా అన్నదాని మీద తీర్పు చెప్పకండి. కమ్మగా తగిలిన బంతి గీతకు ఇవతలే పడటం నేను రోజూ చూస్తుంటాను.

మొరం కోర్టు మీద ఆడేవారికి సిమెంటు కోర్టువాళ్లకు లేని ఒక సౌకర్యం ఉంది. తడిబట్టతో గట్లను శుభ్రంగా తుడిచి 20 వాలీలు ఆడి చూడండి. బంతికి అంటుకున్న ఎర్రమన్ను, గట్ల మీద తాకిన చోటల్లా మరక వదులుతుంది. మరకలన్నీ నడుమ రూపాయి బిళ్ళల కుప్పలా పోగుపడి ఉన్నా బంతి చచ్చి పడుతోందంటే లోటు బరువుదే. మరకలు అంచులకూ కొసకూ చెదిరి ఉంటే రాకెట్‌ను తిట్టే ముందు మీ అడుగులు చూసుకోండి. తేలిక రాకెట్ చేతిలో ముందుగా వచ్చేస్తుంది, పన్నెండేళ్లు 327 గ్రాములకు అలవాటైన కాళ్లు ఇంకా రావు. ఈ సర్దుబాటుకు రెండు మూడు వారాలు ఇవ్వాలి. మరకలు ఒక పక్కకు, అంటే ఫ్రేమ్ ఎడమ కుడి అంచులకు దగ్గరగా ఉన్న దెబ్బల్లోనే రాకెట్ తిరిగిపోతుంటే అది పక్కవాటు బరువు చాలకపోవడం, దానికి మందు ఉంది, కింద చెబుతాను.

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. పిడి పట్టుకుని రాకెట్‌ను నేలకు సమాంతరంగా ఉంచి, నడుమ ఒక బంతిని, కొసకు దగ్గరగా ఒక బంతిని ఒకే ఎత్తు నుంచి వదలండి. నడుమ ఎగిరిన బంతి కొస దగ్గర దాదాపు కదలకుండా కూర్చుండిపోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రవేత్త హోవర్డ్ బ్రోడీ రాకెట్ మీద స్వీట్ స్పాట్ అన్నది ఒక చుక్క కాదని, అదురు తక్కువగా ఉండే చోటు, పిడికి కుదుపు రాని చోటు, బంతి బాగా ఎగిరే చోటు అని మూడు వేరు వేరు చోట్లు ఉన్నాయని వివరించారు. రెండు రాకెట్ల మీద ఈ బంతి పరీక్ష చేస్తే మీ తేలిక ఫ్రేమ్‌లో జీవం ఉన్న భాగం ఎంత పెద్దదో కంటికి తెలిసిపోతుంది.

తేలిక రాకెట్ పక్షాన ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఈ పరీక్షలన్నీ ఒళ్లు తాజాగా ఉన్న మొదటి గంటలో చేస్తే బరువు రాకెటే గెలుస్తుంది. రెండో సెట్ 4–4 దగ్గర, ఎండ నెత్తికెక్కాక, చెమటకు గ్రిప్ జారుతున్నప్పుడు మరో 20 సర్వ్‌లు చేసి లెక్కపెట్టండి. యాభై దాటినవారి చేతిలో ఆ వేళకు బరువు రాకెట్ కొస దిగిపోయి సర్వ్‌లు నెట్‌కు తగలడం మొదలవుతుంది, తేలికది ఇంకా పైకి లేస్తుంది. డబుల్స్ ఆడే మీకు ఈ చివరి 20 సర్వ్‌లకు నేనైతే రిటర్న్‌తో సమానంగా మార్కులు వేస్తాను.

మోచేతి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రాకెట్ తిరిగిపోతుంటే మనకు తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది. పిడికిలి బిగిస్తే ముంజేతి పైభాగపు కండరాలు మోచేతి బయటి ఎముకకు అతుక్కున్న చోటును లాగుతాయి. టెన్నిస్ ఎల్బో అనేది అక్కడ పుట్టేదే. తేలికగా ఉండి, ఫ్రేమ్ బిరుసుగా ఉండి, దాని మీద పాలియెస్టర్ గట్లు గట్టిగా బిగిస్తే మోచేతికి అంతకంటె చెడు పొత్తు లేదు. దుకాణంవారు మీకు పాలియెస్టర్ వేసి ఇచ్చి ఉంటే ముందు దాన్ని కోయించి సన్నటి పోగులు కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ గట్లు వేయించండి, టెన్షన్ నాలుగు పౌండ్లు తగ్గించండి. మర్నాడు పొద్దున చెంబు ఎత్తేటప్పుడు, తువ్వాలు పిండేటప్పుడు మోచేతి బయటి వైపు సలుపు వస్తోందేమో చూసుకోండి. వస్తుంటే రెండు వారాలు ఆట ఆపాలి. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, నా దగ్గరికి కాదు.

రాకెట్‌ను అమ్మేయవద్దన్నది నా సలహా. తేలిక రాకెట్‌కు ఉన్న గొప్ప సుగుణం, దానికి బరువు చేర్చవచ్చు. బరువు రాకెట్ నుంచి తీసేయలేం. గడియారం ముల్లు 3 దగ్గర, 9 దగ్గర ఉన్నట్టు ఊహించుకుని ఫ్రేమ్ రెండు పక్కలా లోపలి వైపు రెండేసి గ్రాముల సీసపు టేపు అంటించండి. స్వింగ్ వెయిట్ ఏడు పాయింట్లు పెరిగి 306 అవుతుంది, పక్కకు తిరిగిపోవడం బాగా తగ్గుతుంది. అదే నాలుగు గ్రాములు కొసకు అంటిస్తే 13 పాయింట్లు పెరిగి మీ భుజం మళ్లీ మొదటికొస్తుంది. ఇక పిడిలో, గ్రిప్ కింద, ఎనిమిది గ్రాములు చుట్టండి. దానివల్ల స్వింగ్ వెయిట్ దాదాపు మారదు, సమతూకం 34.5 నుంచి 33.9కి దిగుతుంది, అదురు చేతికి రావడం తగ్గుతుంది. మొత్తం 299 గ్రాములు. సీసపు టేపు మన ఊళ్లలో దొరకదు. టైర్ల దుకాణంలో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే బిళ్ళలను తూచి వాడేవారు ఉన్నారు, పిడి లోపలికి అవి బాగానే పనికివస్తాయి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలకు అందనివ్వకండి. ఈ మార్పు తరువాత ముగ్గుపిండి పరీక్ష మళ్లీ చేసి, రిటర్న్ లోటు ఇంకా నాలుగు బంతుల మేర మిగిలి ఉంటే అప్పుడు 285 గ్రాముల ఫ్రేమ్ కోసం చూడండి. 310కి తిరిగి వెళ్లే అవసరం మీకు ఉండదనే అనుకుంటున్నాను.

పెద్ద ఆటగాళ్ల రాకెట్ బరువులు ఆరా తీసి మనసు పాడుచేసుకోవద్దు. పీట్ సాంప్రస్ సీసం చేర్చి సుమారు 400 గ్రాముల రాకెట్‌తో ఆడాడు; చెక్క రాకెట్ల కాలంలో అందరిదీ దాదాపు అదే తూకం. నిబంధనలు రాకెట్ పొడవును 73.7 సెంటీమీటర్లకు, వెడల్పును 31.7 సెంటీమీటర్లకు కట్టడి చేశాయి గానీ బరువుకు పై హద్దూ పెట్టలేదు, కింది హద్దూ పెట్టలేదు. అందుకే హెడ్ కంపెనీ టైటానియం రకంలో 225 గ్రాముల ఫ్రేమ్ దాకా దిగింది, అది అమ్ముడుపోయింది కూడా.

ప్రశ్న: నా రాకెట్ ఫ్రేమ్ మీద 270 గ్రాములని ఉంది. ఇంట్లో తూస్తే 293 వచ్చింది. దుకాణంవారు మోసం చేశారా? — ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: చేయలేదు. ఫ్రేమ్ మీద వేసేది గట్లు లేని తూకం. గట్లు 15 నుంచి 18 గ్రాములు, ఓవర్ గ్రిప్ 5 లేక 6 గ్రాములు. తయారీలో ఐదారు గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి, ఒకే రకం రాకెట్లు రెండు కొనేటప్పుడు మాత్రం జేబులో చిన్న కాటా పెట్టుకుని వెళ్లండి. దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు, ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు. రెండేళ్లుగా నేర్చుకుంటోంది. ఇప్పటి 25 అంగుళాల రాకెట్ చిన్నదైపోయింది. ఎలాగూ ఎదుగుతుంది కదా, పెద్దవాళ్లదే 255 గ్రాముల తేలిక రాకెట్ కొనేయండి, డబ్బు కలిసివస్తుంది అని తెలిసినవారు అంటున్నారు. కొనవచ్చా? — ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, పిల్లలకు చెప్పులు రెండు సైజులు పెద్దవి కొని దూది కుక్కినట్టుంటుంది ఆ లెక్క. మీరు ఆలోచించవలసింది బరువుకంటె ముందు పొడవు. 255 గ్రాముల పెద్దల రాకెట్ కాటా మీద 26 అంగుళాల పిల్లల రాకెట్ కంటె కాస్తే ఎక్కువ తూగుతుంది. కానీ అది ఒక అంగుళం ఎక్కువ పొడవు, పైగా అంత తేలిక ఫ్రేముల్లో బరువు తల వైపే ఉంటుంది. చిన్న మణికట్టుకు తెలిసేది కాటా మీది తూకం కాదు, ఆ కొస బరువు.

అమ్మాయిని నిటారుగా నిలబెట్టి, రాకెట్ పట్టిన చెయ్యి పక్కకు వేలాడదీయమనండి. కొస నేలకు తాకీ తాకనట్టు ఉంటే పొడవు సరిపోయింది, వంగి గీసుకుపోతుంటే ఎక్కువైంది. పిడి మందం చూడడానికి, ఆమె మామూలుగా పట్టుకున్నప్పుడు వేలికొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టేంత సందు ఉండాలి. ఇవి గుమ్మం దగ్గర చేసే పరీక్షలు. అసలు పరీక్ష కోచింగ్ చివరి పది నిమిషాల్లో ఉంటుంది, ఒకరోజు వెళ్లి కూర్చుని చూడండి. పిల్లలకు రాకెట్ బరువనిపిస్తే నోటితో చెప్పరు, చెయ్యి పిడి మీద పైకి పైకి జరుగుతుంది. గంట మొదట్లో పిడి అడుగున ఉన్న చిటికెన వేలు, చివరికి నాలుగు వేళ్ల మేర పైకి వచ్చి ఉంటుంది. బ్యాక్‌హ్యాండ్ వాలీలో రాకెట్ తల మణికట్టు కంటె కిందికి వాలిపోతుంది. ఎవరిదైనా 255 గ్రాముల రాకెట్ అడిగి తీసుకుని రెండు రోజులు ఆడించి ఈ రెండు గుర్తులూ చూడండి. నా అంచనాలో మీకు 26 అంగుళాల గ్రాఫైట్ రాకెట్ సరైనది. ఏడాదిన్నరలో ఆమె దాన్ని దాటిపోతుంది, నిజమే. మీ ఊళ్లోనే నేర్చుకునే మరో బిడ్డ ఎవరో దాన్ని కొంటారు. పిల్లల రాకెట్లు అలాగే చేతులు మారుతుంటాయి, నేను గట్లు వేసిన ఒక రాకెట్ ఇప్పుడు నాలుగో ఇంట్లో ఉంది.

బంతి సంగతి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఆకుపచ్చ చుక్క ఉన్న బంతి మామూలు బంతికంటె 25 శాతం నెమ్మదిగా వస్తుంది. కొత్త రాకెట్‌తో మొదటి నెల ఆ బంతితో ఆడిస్తే, ఊపు కుదిరిందో లేదో కోచ్‌కూ మీకూ స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఉద్యోగం వచ్చి ఏడాదిగా కోరాపుట్‌లో ఉంటున్నాను. ఊళ్లో 280 గ్రాముల రాకెట్‌తో చక్కగా ఆడేవాణ్ని. ఇక్కడ అదే రాకెట్‌తో బంతులు బేస్ లైను దాటిపోతున్నాయి. డిసెంబరులో మాత్రం బాగానే ఆడాను. రాకెట్ పాడైందా, బరువుది తీసుకోవాలా? — ఒక యువకుడు, కోరాపుట్

జవాబు: బాబూ, రాకెట్ బాగానే ఉంది, నువ్వు ఎక్కావు కొండ. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తున గాలి సాంద్రత తీరంలో కంటె దాదాపు 8 శాతం తక్కువ. బంతిని ఆపే గాలి పలచబడితే అదే దెబ్బకు బంతి మరికొంత దూరం పోతుంది. బంతి ముందుకు దొర్లేలా తిప్పి కొట్టే టాప్ స్పిన్ వేసినా గాలి పట్టు తక్కువ కనుక కిందికి అంతగా వంగదు. పైగా బయటి గాలి ఒత్తిడి తగ్గడంతో లోపల ఒత్తిడి నింపిన బంతి ఇంకాస్త చురుగ్గా లేస్తుంది. ఎత్తైన ప్రదేశాలకు నిబంధనల్లో ప్రత్యేక బంతులు ఉన్నాయి గానీ, అవి 1,219 మీటర్లు దాటిన చోట్లకు. మీ ఊరు అటూ ఇటూ కాని ఎత్తున ఉంది, మామూలు బంతులతోనే సర్దుకోవాలి.

డిసెంబరులో బాగా ఆడటానికి కారణం చలి. మీ దగ్గర ఆ నెల పొద్దుటి చలికి బంతి రబ్బరు బిగుసుకుని తక్కువగా లేస్తుంది, గట్లూ బిరుసెక్కుతాయి. ఎత్తు ఇచ్చిన దూరాన్ని చలి తగ్గించింది. ఏప్రిల్‌లో ఆ తగ్గింపు లేదు, అంతే.

బరువు రాకెట్ కొనడం దీనికి మందు కాదు. అదే ఊపుతో కొడితే బరువు రాకెట్ నుంచి బంతి ఇంకా దూరం పోతుంది. ముందు గట్టింగ్ ఎప్పుడు చేయించావో గుర్తు తెచ్చుకో. శ్రీకాకుళంలో వేయించిన గట్లే ఇంకా ఉంటే, ఏడాదిగా సడలిన గట్లు బంతిని విసిరేస్తున్నాయి. వారానికి ఎన్ని రోజులు ఆడతామో ఏడాదికి అన్నిసార్లు గట్లు మార్చాలన్నది ఆటగాళ్ల పాత లెక్క. కొత్త గట్లు రెండు పౌండ్లు ఎక్కువ టెన్షన్‌తో వేయించి, పైన రాయగడ పాఠకుడికి చెప్పినట్టు కోర్టులో ముగ్గుగీత గీసి చూడు. అయితే నీ లెక్క తిరగేసి ఉండాలి: గీత దాటినవి కాదు, బేస్ లైను దాటినవి లెక్కపెట్టాలి. ఇంకా 20లో ఐదారు బయటికి పోతుంటే మరో రెండు పౌండ్లు. అప్పటికీ తగ్గకపోతే గట్ల అల్లిక చూడు. తేలిక రాకెట్లు ఎక్కువగా 16 నిలువు, 19 అడ్డం అల్లికతో వస్తాయి, గళ్లు పెద్దవి. 18 నిలువు, 20 అడ్డం ఉన్న ఫ్రేమ్‌లో గళ్లు చిన్నవి, బంతి అణిగి వస్తుంది. కొనే ముందు ఎవరిదైనా ఒక గంట అడిగి తీసుకుని ఆడి చూడు. సెలవులకు శ్రీకాకుళం వెళ్లేటప్పుడు ఈ బిగువు గట్లతోనే వెళ్తే అక్కడ బంతులు నెట్‌కు తగులుతాయి, కాబట్టి పాత టెన్షన్‌తో రెండో రాకెట్ ఒకటి ఇంటి దగ్గర ఉంచుకోవడం మంచిది.